నయం కాదని తెలిశాక

ఈజిప్టులో, ఎర్రసముద్రం ఒడ్డున, బెరెనికె అని ఒక పాత రేవు ఉంది. రోమన్ల కాలంలో మన దేశపు మిరియాలు ఓడల్లో వెళ్లి దిగిన రేవు అది. ఆ ఊరి శివారులో పెంపుడు జంతువులకు ప్రత్యేకంగా ఒక శ్మశానం ఉండేది. పోలండ్‌కు చెందిన మార్తా ఒసిపిన్‌స్కా బృందం అక్కడ తవ్వి తీసిన 585 జంతువుల ఎముకలను పరీక్షించి, 2021లో వివరాలు ప్రకటించింది. నూటికి తొంభైకి పైగా పిల్లులు, తర్వాత కుక్కలు, కొన్ని కోతులు. ఆ కోతుల్లో భారతదేశం నుంచి ఓడెక్కి వెళ్లినవీ ఉన్నాయి. దాదాపు 1900 ఏళ్ల కిందట అక్కడ పాతిపెట్టిన ఒక పెద్ద కుక్క ఎముకల్లో క్యాన్సర్ కనిపించింది. చివరిగా అది తిన్నది చేప, మేకమాంసం. చనిపోయాక ఎవరో దాన్ని ఆకులతో అల్లిన చాపలో చుట్టి, మీద సగం కూజా పెట్టి పూడ్చారు. పళ్లన్నీ దాదాపు ఊడిపోయిన కుక్కలు, సరిగా నడవలేని జంతువులు కూడా ఆ శ్మశానంలో ఉన్నాయి. అంత వయసు దాకా అవి బతికాయంటే, ఎవరో రోజూ వాటికి మెత్తటి తిండి నోటి దగ్గర పెట్టి ఉండాలి.

నయంకాని జబ్బు చేసిన జంతువును చివరిదాకా చూసుకోవడం, కాబట్టి, నగరాల్లో ఫ్లాట్లు వచ్చాక పుట్టిన అలవాటేమీ కాదు. ఆ చూసుకునేవాళ్లకు ఆనాడు లేనిది, ఈనాడు ఉన్నది ఒకటే: జంతువు లోపల ఏం జరుగుతోందో, దానికి ఎంత నొప్పిగా ఉందో, చాలావరకు తెలుసుకోగల మార్గం. ఆ మార్గం ఉందని తెలియక ఎన్నో ఇళ్లలో ఎన్నో ముసలి కుక్కలూ పిల్లులూ అనవసరంగా బాధపడుతున్నాయి. వాటితో పాటు పెంచినవాళ్లూ.

ముసలితనం ముందుగా చెప్పి రాదు. కుక్క వయసును ఏడుతో గుణిస్తే మనిషి వయసు వస్తుందని అందరూ అనుకుంటారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో ప్రాంగణంలో ట్రే ఐడెకర్ బృందం 104 లాబ్రడార్ల డీఎన్‌ఏ మీద వయసుతో పాటు మారే రసాయన గుర్తులను పరిశీలించి, 2020లో ఆ లెక్క తప్పని చూపింది. వారి సూత్రం ప్రకారం ఏడాది నిండిన కుక్క దాదాపు 31 ఏళ్ల మనిషితో సమానం. నాలుగేళ్లకు అది 53 ఏళ్ల మనిషి, పన్నెండేళ్లకు 70 దాటిన మనిషి. అంటే మొదట్లో పరుగెత్తిన వయసు తర్వాత నెమ్మదిస్తుంది. ఇది లాబ్రడార్ల లెక్క. జాతిని బట్టి ఆయుష్షు చాలా మారుతుంది. గ్రేట్‌డేన్ లాంటి భారీ కుక్క ఏడెనిమిదేళ్లకే ముసలిదవుతుంది, మన ఇళ్లలో పామేరియన్ అని పిలుచుకునే చిన్న తెల్లకుక్క పద్నాలుగు, పదిహేనేళ్లు సునాయాసంగా బతుకుతుంది. ఒకే రకం జీవుల్లో పెద్ద ఒళ్లున్నవి ముందు పోవడం జీవశాస్త్రంలో ఇప్పటికీ పరిశోధన నడుస్తున్న విషయం.

జబ్బు బయటపడేసరికే ఆలస్యమైపోవడం ఇంకో కష్టం. ముసలి పిల్లుల్లో ఎక్కువగా కనిపించే మూత్రపిండాల జబ్బునే తీసుకుంటే, పిల్లి ఒక్కో మూత్రపిండంలో దాదాపు 2 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. రక్తాన్ని వడపోసే సూక్ష్మమైన గొట్టాలవి. పదిమంది కూలీలు నాట్లు వేస్తున్న మడిలోంచి ఆరుగురు వెళ్లిపోయినా, మిగిలిన నలుగురూ నడుం ఎత్తకుండా వేస్తూ పోతే సాయంత్రానికి గట్టు మీది రైతుకు తేడా తెలియదు. నెఫ్రాన్లదీ అదే వరస. మూడింట రెండు వంతులు పోయాకే మూత్రం పలచబడుతుంది, పిల్లి నీళ్లు ఎక్కువగా తాగుతుంది. నాలుగింట మూడు వంతులు పోయాకే రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగినట్టు తేలుతుంది. ఎస్‌డీఎంఏ అనే కొత్త పరీక్ష అంతకంటే ముందే పసిగడుతుంది. "నిన్నమొన్నటిదాకా బాగానే ఉంది, మేం చూసుకోలేదు" అని కుమిలిపోయే కుటుంబాలకు ఈ సంగతి చెప్పాలి. బాగున్నట్టు కనిపించడం ఆ అవయవం తీరు. చూసేవాళ్ల నిర్లక్ష్యం కాదు.

రిపోర్టు చేతికి రాగానే అందరూ అడిగేది ఒకటే: "ఎన్నాళ్లుంటుంది డాక్టరుగారూ?"

దానికి డాక్టరు చెప్పే అంకె సాధారణంగా మధ్యస్థ కాలం. ఆ జబ్బు వచ్చిన వంద కుక్కల్లో యాభై ఆ గడువుకు ముందే పోయాయి, యాభై ఆ తర్వాత కూడా బతికాయి అని దాని అర్థం. మన కుక్క ఏ యాభైలో ఉందో ఆ అంకె చెప్పదు. ఈ తేడాను అందరికంటే బాగా వివరించినవాడు అమెరికన్ పరిణామ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్. 1982లో ఆయనకు మెసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ బయటపడింది. పుస్తకాల్లో దాని మధ్యస్థ ఆయుష్షు 8 నెలలు. ఆ అంకెను గణితజ్ఞుడిలా చదివి, 1985లో దాని మీదే ఒక వ్యాసం రాసి, ఆయన ఇరవై ఏళ్లు బతికాడు. 2002లో పోయింది వేరే క్యాన్సర్‌తో.

అంకెలు ఇలా ఉంటాయి. పెద్దజాతి కుక్కలకు కాలి ఎముకలో వచ్చే ఆస్టియోసార్కోమాలో, జబ్బు తెలిసేనాటికే పదింట తొమ్మిది కుక్కల్లో కంటికి కనబడని కణాలు ఊపిరితిత్తులకు చేరి ఉంటాయి. కాలు తీసేస్తే నాలుగైదు నెలలు, దానికి కీమో తోడైతే పది నుంచి పన్నెండు నెలలు మధ్యస్థ కాలం. కాలు తీసేయడం అనగానే ఇంటిల్లిపాదికీ గుండె ఝల్లుమంటుంది. కానీ క్యాన్సర్ తినేస్తున్న ఎముక పెట్టే నొప్పి ముందు మూడు కాళ్ల నడక చాలా చిన్న కష్టం, చాలా కుక్కలు కొద్ది వారాల్లోనే దానికి అలవాటుపడతాయి. లింఫోమా అనే ఇంకో క్యాన్సర్‌కు ఏ మందూ వాడకపోతే నాలుగు నుంచి ఆరు వారాలు. నాలుగు మందులు కలిపి ఇచ్చే కీమోతో దాదాపు ఏడాది. కుక్కలకిచ్చే కీమో ఉద్దేశం మనుషులకిచ్చే దానికి భిన్నం. పూర్తిగా నయం చేయాలని ఒళ్లు హూనం చేసే మోతాదు ఇవ్వరు. ఉన్న రోజులు హాయిగా గడవాలని తక్కువ మోతాదు ఇస్తారు, అందుకే వాంతులూ నీరసమూ కూడా తక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త. ప్రతి గడ్డా చావు కబురు కాదు. మన వీధికుక్కల్లో ఎక్కువగా కనిపించే జననాంగాల కణితి, కాలీఫ్లవర్‌లా పెరిగి నెత్తురు కారుతూ చూడ్డానికి భయంకరంగా ఉంటుంది. అది కుక్క నుంచి కుక్కకు కణాల రూపంలోనే అంటుకునే విచిత్రమైన క్యాన్సర్. వేల ఏళ్ల కిందట ఎప్పుడో ఒక కుక్కలో పుట్టిన కణాలే ఇవాళ్టికీ ప్రపంచమంతా తిరుగుతున్నాయి. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ వారానికొకటి చొప్పున కొన్ని వారాలు ఇస్తే అది చాలావరకు పూర్తిగా కరిగిపోతుంది. పిడుదుల వల్ల వచ్చే జ్వరంతో చిక్కి శల్యమైన కుక్క కూడా సరైన మందుతో లేచి తిరగవచ్చు. అందుకే "ఇక లాభం లేదు" అన్న మాట పరీక్షలు పూర్తయ్యాకే వినాలి. వీలైతే ఇంకో చోట కూడా చూపించాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులు అందుకు పనికొచ్చే చోట్లు.

ఇంట్లోనే కొలవగలిగినవీ ఉన్నాయి. చిన్నజాతి కుక్కలకు వయసు మీరాక గుండె కవాటం దళసరెక్కి నెత్తురు వెనక్కి కారుతుంది. అలాంటి కుక్క గాఢనిద్రలో ఉన్నప్పుడు పక్కటెముకలు ఎన్నిసార్లు లేచి పడుతున్నాయో గడియారం పెట్టుకుని లెక్కబెట్టాలి. నిమిషానికి 30 లోపు ఉంటే సరే. రోజురోజుకీ పెరుగుతూ 30 దాటుతుంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందేమోనని అనుమానించి వెంటనే డాక్టరుకు చెప్పాలి. పిమోబెండాన్ అనే మందును, గుండె పెద్దదైనా ఇంకా ఆయాసం మొదలవని కుక్కలకు ముందే ఇస్తే, గుండె విఫలమయ్యే రోజు సగటున 15 నెలలు వెనక్కి జరుగుతుందని 2016లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. పద్నాలుగేళ్లు బతికే జీవికి 15 నెలలంటే చిన్న మాట కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది నొప్పి. ఎక్కువ పొరబాట్లు జరిగేదీ ఇక్కడే.

నొప్పిని మోసుకెళ్లే నరాలు, వెన్నుపాము, మెదడులోని కేంద్రాలు కుక్కకూ పిల్లికీ మనకూ ఒకే నమూనాలో ఉంటాయి. తేడా అంతా బయటికి చూపించడంలో ఉంది. అడవిలో కుంటుతూ కనిపించిన జంతువు మీదే వేటాడే కన్ను పడుతుంది. అందుకని బాధను దాచుకోవడం వాటి స్వభావంలో స్థిరపడిందని శాస్త్రవేత్తల వివరణ. పిల్లి ఈ విషయంలో మరీ గట్టిది. 2002లో అమెరికాలో వంద ముసలి పిల్లుల ఎక్స్‌రేలు తిరగేస్తే, పన్నెండేళ్లు దాటినవాటిలో నూటికి 90కి కీళ్లు అరిగిన గుర్తులు కనిపించాయి. వాటిలో చాలా వాటిని పెంచినవాళ్లు "వయసైపోయి పడుకుంటోంది" అనే అనుకుని ఉంటారు. బీరువా మీదికి ఎగరడం మానేసిన పిల్లి, ఒళ్లు నాక్కోవడం తగ్గించి వీపు మీద బొచ్చు ఉండలు కట్టించుకున్న పిల్లి బద్ధకించలేదు. దానికి నొప్పిగా ఉంది.

"తింటోంది కదా, బాధేం ఉంటుంది" అన్న మాట ఆసుపత్రుల్లో తరచుగా వినిపిస్తుంది. ఎముక క్యాన్సర్ ఉన్న కుక్క కూడా పెరుగన్నం గిన్నె ఖాళీ చేస్తుంది. ఆకలీ నొప్పీ వేర్వేరు దారుల్లో నడుస్తాయి. తోక ఊపడమూ అంతే, అది ఇంట్లోవాళ్లను చూసిన సంతోషం చెబుతుందే తప్ప నడుములో పోటు లేదని చెప్పదు. పిల్లి గురగుర సుఖానికి గుర్తని మన నమ్మకం. గాయపడిన పిల్లులూ, ప్రాణం మీదికొచ్చిన పిల్లులూ కూడా గురగురలాడతాయి. ఇక కుక్కలో చూడవలసినవి వేరే ఉన్నాయి: రాత్రుళ్లు చోటు మార్చుకుంటూ తిరగడం, ఎండ లేకపోయినా కూర్చున్నచోటే వగర్చడం, ఒకే చోట అదేపనిగా నాక్కోవడం, ఎన్నడూ లేనిది పిల్లవాడు నిమరబోతే గుర్రుమనడం.

పిల్లి ముఖాన్ని చదవడానికి కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో పావులో స్టీగల్ బృందం 2019లో ఒక కొలమానం ప్రచురించింది. చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల ఎత్తు, ఈ ఐదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు. చెవులు నిటారుగా ముందుకు ఉంటే సున్నా, పక్కలకు వాలి విడిపోతే రెండు. కళ్లు విప్పారి ఉంటే సున్నా, బిగించి సగం మూస్తే రెండు. మీసాలు వదులుగా వంగి ఉంటే సున్నా, బిర్రుగా ముందుకు పొడుచుకొస్తే రెండు. తల భుజాల కంటే కిందికి వాలిపోతే రెండు. మొత్తం పదికి నాలుగు వస్తే నొప్పికి మందు అవసరమని అర్థం. ఇందులో యంత్రాలతో పని లేదు, ఖర్చు లేదు. పిల్లి మెలకువగా, నెమ్మదిగా ఉన్నప్పుడు కాసేపు ఎదురుగా కూర్చుని చూడగలిగే ఓపిక చాలు. ఇది పశువైద్యుల గదులు దాటి ఇళ్లలోకి రావలసిన విద్య.

నొప్పి ఉందని తెలియగానే చెయ్యి ఇంట్లోని మందుల డబ్బా మీదికి పోతుంది. అక్కడే ఆగాలి. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం. ఆ మందును విరిచి బయటికి పంపే ఎంజైమ్ పిల్లి కాలేయంలో తగినంత లేదు. ఒక్క మాత్రకే దాని నెత్తురు ప్రాణవాయువును మోయలేని స్థితికి వెళ్లి, చిగుళ్లు గోధుమరంగుకు తిరిగి, పిల్లి చనిపోవచ్చు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. జంతువులకు పనికొచ్చే మందులు ఉన్నాయి. కీళ్లకూ ఎముకలకూ మెలోక్సికామ్, నరాల పోటుకు గాబాపెంటిన్, తీవ్రమైనప్పుడు బ్యూప్రెనార్ఫిన్. ఏది, ఎంత, ఎన్నాళ్లు అన్నది మూత్రపిండాలు చూసి డాక్టరు చెప్పాలి. చాలాకాలం ధారాళంగా రాసిన ట్రమడాల్, కుక్కల కీళ్లనొప్పికి ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదని 2018లో వచ్చిన అధ్యయనం చూపింది. కాబట్టి మందు ఇచ్చాం అనుకుని ఊరుకోకూడదు. ఇచ్చాక జంతువు ముఖం మారిందా, రాత్రి నిద్రపోయిందా అని చూడాలి. మారకపోతే మళ్లీ ఫోన్ చేయాలి.

నొప్పి తర్వాతి స్థానం ఇంటి సేవది. అదీ ఈనాటిది కాదు. జర్మనీలో బాన్ దగ్గర ఒబర్‌కాసెల్ అనే చోట 1914లో రాయి కొట్టే కూలీలకు ఒక సమాధి దొరికింది. సుమారు 14,000 ఏళ్ల నాటి పురుషుడు, స్త్రీ, వాళ్ల పక్కన ఒక కుక్కపిల్ల. 2018లో లూక్ జాన్సెన్స్ బృందం ఆ కుక్కపిల్ల పళ్ల ఎనామిల్‌లోని గీతలు చదివింది. దానికి అయిదో నెల ప్రాంతంలో డిస్టెంపర్ అనే జబ్బు సోకి మూడుసార్లు తీవ్రంగా జబ్బుపడింది. ఆ జబ్బులో వాంతులు, విరేచనాలు, నీరసంతో కదలలేని పిల్లను ఎవరో శుభ్రం చేసి, వెచ్చగా ఉంచి, నీళ్లు పట్టకపోతే అది మరో రెండు నెలలు బతికేది కాదని వారి వాదన. వేటకు పనికిరాని, కాపలా కాయలేని ఒక పిల్ల కోసం రాతియుగపు మనుషులు అంత చేశారు.

ఇవాళ్టి ఇళ్లలో ఆ సేవ ఎక్కువగా అమ్మల మీదో, రిటైరైన నాన్నల మీదో పడుతుంది. పిల్లలు చదువుకో ఉద్యోగానికో డల్లాస్‌కో మెల్‌బోర్న్‌కో వెళ్లిపోతారు. వాళ్లు ముద్దుగా తెచ్చుకున్న లాబ్రడార్ విజయవాడలో, వరంగల్‌లో అమ్మానాన్నల దగ్గర ముసలిదవుతుంది. ముప్ఫై అయిదు కిలోల కుక్కను అరవై అయిదేళ్ల మనిషి లేపి నిలబెట్టాలి. ఇందుకు కొన్ని సులువులున్నాయి. గ్రానైట్, టైల్స్ గచ్చు మీద కాళ్లు జారి కుక్క రెండు వైపులా చీలబడిపోతుంది. అది నడిచే దారంతా రబ్బరు పట్టాలో గోనెపట్టాలో పరిస్తే దానికి సగం ధైర్యం వస్తుంది. వెనక కాళ్లు చచ్చుబడ్డ కుక్కను పొట్ట కింద తువ్వాలు వేసి ఎత్తి నడిపించవచ్చు. లేవలేని జంతువును మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే మోచేతుల దగ్గరా తుంటి దగ్గరా పుండ్లు పడతాయి. మూత్రపిండాల జబ్బున్న పిల్లికి మెడ దగ్గరి చర్మం కింద సెలైన్ ఎక్కించడం ఇంట్లోవాళ్లు కూడా డాక్టరు దగ్గర నేర్చుకోవచ్చు. తిండిని కాస్త గోరువెచ్చగా చేస్తే వాసన లేస్తుంది, వాసన తగిలితేనే పిల్లి ముట్టుకుంటుంది. వాంతి భావన ఉన్న జంతువుకు బలవంతంగా నోట్లో కుక్కితే ఆ తిండి మీదే అసహ్యం పుడుతుంది, ముందు వాంతి తగ్గే మందు ఇవ్వాలి.

ఒళ్లు బాగానే ఉండి మనసు చెదిరే కుక్కలూ ఉన్నాయి. పదిహేను, పదహారేళ్ల కుక్కల్లో నూటికి 68కి మతిమరుపు లక్షణాల్లో కనీసం ఒకటి ఉన్నట్టు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2001లో గుర్తించారు. తలుపు మూలలో ఇరుక్కుపోయి బయటికి రాలేకపోవడం, పగలు నిద్రపోయి రాత్రంతా మొరగడం, ఇంట్లోనే మూత్రం పోయడం. వాటి మెదళ్లలో, అల్జైమర్స్ వచ్చిన మనుషుల మెదళ్లలో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీనే పేరుకుంటుంది. దాన్ని అరిచి, కొట్టి మార్చలేం. అయితే టీకా వేయని కుక్క ఉన్నట్టుండి వింతగా ప్రవర్తిస్తున్నా, మింగలేక చొంగ కారుస్తున్నా రేబిస్ అనుమానించాలి. నోట్లో చెయ్యి పెట్టకుండా డాక్టరును పిలవాలి.

ఇన్నాళ్ల సేవ మనిషిని అరగదీస్తుంది. అమెరికాలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మేరీ బెత్ స్పిట్జ్‌నాగెల్ బృందం 2017లో 238 మంది పెంపకందారులను పరిశీలించింది. జబ్బుపడ్డ జంతువును చూసుకుంటున్నవాళ్లలో భారం, ఒత్తిడి, దిగులు లక్షణాలు, ఆరోగ్యమైన జంతువులున్నవాళ్ల కంటే స్పష్టంగా ఎక్కువ. మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్లను చూసుకునేవాళ్ల కోసం తయారైన ప్రశ్నావళినే ఆమె ఇందుకు మలిచారు. రాత్రి మూడుసార్లు లేవడం, పెళ్లికి వెళ్లలేకపోవడం, నెలాఖరున మందుల బిల్లు, "ఇదెప్పటికి ముగుస్తుందో" అని ఒక్క క్షణం అనిపించి ఆ వెంటనే సిగ్గుపడటం, ఇవన్నీ ఆ భారంలో భాగాలే. ఆ క్షణం వచ్చినంత మాత్రాన ప్రేమ తరిగిందని కాదు. చావు ఇంకా రాకముందే దుఃఖం మొదలవుతుందని బాస్టన్ మనోవైద్యుడు ఎరిక్ లిండెమన్ 1944లోనే రాశాడు. యుద్ధానికి వెళ్లినవారి కుటుంబాల్లో ఆయన దాన్ని చూశాడు. నెలల తరబడి మందుల సీసాల మధ్య కుక్కను సాకుతున్న ఇంట్లోనూ జరిగేది అదే.

2018 ఫిబ్రవరిలో లండన్‌లోని బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ప్రిన్స్ చార్లెస్ చేతుల మీదుగా రతన్ టాటాకు జీవన సాఫల్య పురస్కారం ఇవ్వాల్సి ఉంది. ఆయన వెళ్లలేదు. ఆయన కుక్కలు టాంగో, టిటోలలో ఒకదానికి జబ్బు చేసిందని, దాన్ని వదిలి రాలేనన్నారని ఆయన మిత్రుడు సుహేల్ సేఠ్ తర్వాత చెప్పారు. అంతటి మనిషి చేశాడు కాబట్టి ఆ కథ అందరికీ నచ్చింది. ఆఫీసులో సెలవు అడగడానికి "ఇంట్లో పెద్దవాళ్లకు బాగోలేదు" అని అబద్ధమాడాల్సిన మామూలు మనిషికి కూడా ఆ మర్యాద దక్కాలి.

తర్వాత వచ్చేది నిర్ణయం. అమెరికన్ పశు క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఇందుకోసం ఒక కొలత తయారుచేశారు. నొప్పి అదుపులో ఉందా, ఊపిరి సాఫీగా ఆడుతోందా? తింటోందా? ఒంట్లో నీరు నిలుస్తోందా? మలమూత్రాల్లో పడి ఉండకుండా శుభ్రంగా ఉంచగలుగుతున్నామా? దేనిమీదైనా ఆసక్తి చూపుతోందా? కదలగలుగుతోందా? చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువగా ఉన్నాయా? ఒక్కోదానికి పది మార్కుల చొప్పున మొత్తం డెబ్బై. 35 దాటితే సేవ కొనసాగించవచ్చు. ఇంట్లో ముగ్గురుంటే ముగ్గురూ విడివిడిగా వేసి తర్వాత పోల్చుకోవడం మంచిది, ఎందుకంటే రోజంతా దగ్గరుండేవారికీ రాత్రి ఇంటికి వచ్చేవారికీ కుక్క ఒకేలా కనిపించదు. మంచి రోజుల లెక్కకు గోడ మీది క్యాలెండరే చాలు. పాల లెక్క రాసే గడిలోనే మంచి రోజుకు ఒక టిక్కు, చెడ్డ రోజుకు ఒక ఇంటూ. మనసు చివరి మంచి రోజునే పట్టుకుని వేలాడుతుంది. క్యాలెండరు నెల మొత్తాన్నీ చూపిస్తుంది.

కారుణ్య మరణం మాట ఎత్తగానే చాలా తెలుగు ఇళ్లలో "ప్రాణం తీసే హక్కు మనకెక్కడిది" అన్న ప్రశ్న వస్తుంది. అది తేలిగ్గా తోసేయాల్సిన ప్రశ్న కాదు. ఇంజెక్షన్ వద్దనుకునే కుటుంబం ముందు గట్టి నొప్పిమందులు, రాత్రయినా ఫోనెత్తే డాక్టరు, దగ్గరుండే మనిషి ఉన్నాయో లేవో చూసుకోవాలి. ఉంటే జంతువు తనంతట తానుగా పోవడమూ ప్రశాంతంగా జరగవచ్చు. ఏ మందూ లేకుండా మూలన పడుకోబెట్టి ఎదురుచూడటాన్ని మాత్రం సహజ మరణం అనలేం. మూత్రపిండాలు పూర్తిగా ఆగిపోయాక రోజుల తరబడి వాంతులు, నోటి పుండ్లు, వణుకు ఉంటాయి. గుండె విఫలమైన కుక్క నీటిలో మునుగుతున్నట్టే ఊపిరికోసం పోరాడుతుంది. బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితి ఒకటి ఉంటుందని మన దేశంలో 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కూడా గుర్తించింది. వీధికుక్కల విషయంలో 2023 నాటి జనన నియంత్రణ నిబంధనలు, నయంకాని జబ్బున్నవాటికి అర్హుడైన పశువైద్యుడే రక్తనాళంలోకి సోడియం పెంటోబార్బిటాల్ ఇచ్చో, ఆమోదించిన మరో దయగల పద్ధతిలోనో ప్రాణం పోనివ్వాలంటున్నాయి.

ఆ సమయంలో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. మొదట మత్తు ఇస్తారు, జంతువు నిద్రలోకి జారుతుంది. తర్వాత నరంలోకి ఇచ్చే మందు మెదడును శాంతపరిచే గాబా వ్యవస్థను పట్టి మొదట స్పృహను పూర్తిగా ఆర్పుతుంది, ఆ తర్వాతే ఊపిరినీ గుండెనూ ఆపుతుంది. ఇదంతా కొద్ది నిమిషాల పని. కళ్లు తెరిచే ఉంటాయి, వాటంతటవి మూసుకోవు. ఒకటి రెండు పెద్ద ఎగశ్వాసలు రావచ్చు, కండరాలు అదరవచ్చు, మూత్రం పోవచ్చు. స్పృహ పోయాక నరాలు చేసే చేష్టలవి, బాధ కాదు. పెంటోబార్బిటాల్ దొరకని చోట థయోపెంటోన్ లాంటి మత్తుమందును ఎక్కువ మోతాదులో వాడతారు. డాక్టరును మొహమాటపడకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ముందు పూర్తిగా మత్తు ఇస్తారా?" మెలకువగా ఉన్న జంతువుకు నేరుగా మెగ్నీషియం సల్ఫేటో పొటాషియం క్లోరైడో ఎక్కించడాన్ని వైద్య ప్రమాణాలు అంగీకరించవు.

దేహాన్ని ఏం చేయాలన్నది కూడా ముందే అనుకోవాలి. హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ ఫతుల్లాగూడలో పెంపుడు జంతువులకు దహనవాటిక ఏర్పాటుచేసింది. ఊళ్లో సొంత చేను ఉన్నవాళ్లు నీటి వనరులకు దూరంగా లోతుగా పూడుస్తారు. కాలువలో వదలడం, చెరువు గట్టున పడేయడం మాత్రం చేయకూడదు. పెంటోబార్బిటాల్ కుళ్లినా తేలిగ్గా విరగదు, ఆ మాంసం తిన్న గద్దలూ కుక్కలూ కూడా చనిపోవచ్చు. పశువుల ఒంట్లో మిగిలిన డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు మన రాబందులను దాదాపు తుడిచిపెట్టాక, 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించాల్సి వచ్చిన దేశం మనది.

పిల్లలకు "ఊరికి పంపించాం" అని చెప్పే ఇళ్లు చాలా. చనిపోయినవి తిరిగి రావని, వాటికి ఆకలీ నొప్పీ ఉండవని, బతికినవన్నీ ఒకనాటికి పోతాయని పిల్లలకు సాధారణంగా అయిదు నుంచి ఏడేళ్ల మధ్య అర్థమవుతుందని మనస్తత్వ శాస్త్రం చెబుతోంది. అంతకంటే చిన్నవాళ్లకు "నిద్రపుచ్చాం" అంటే రాత్రి తాము పడుకోవడానికే భయపడవచ్చు. "జబ్బు చాలా పెద్దది, డాక్టరు నయం చేయలేకపోయారు, చనిపోయింది" అన్న మూడు ముక్కలు చాలు. ఊరికి పంపించామన్న అబద్ధం పదేళ్ల తర్వాత బయటపడితే, పిల్లవాడికి ఏడ్చే అవకాశం కూడా లేకుండా చేశామని అప్పుడు తెలుస్తుంది.

పెద్దవాళ్లకూ ఆ అవకాశం అంతంతమాత్రమే. చుట్టూ ఉన్నవాళ్లు గుర్తించని, ఓదార్పు దక్కని దుఃఖానికి అమెరికన్ శోక శాస్త్రవేత్త కెన్నెత్ డోకా 1989లో ఒక సిద్ధాంతం ఇచ్చాడు. పెంపుడు జంతువును పోగొట్టుకోవడం అందులో మొదటి ఉదాహరణల్లో ఒకటి. మన దగ్గర మనిషి పోతే పదకొండు రోజులు జనం వచ్చి కూర్చుంటారు, వంట చేసి తెస్తారు. కుక్క పోతే "ఇంకోటి తెచ్చుకోండి" అంటారు. జపాన్‌లోని అజబు విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో చూపినట్టు, కుక్కా మనిషీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుంది, తల్లీబిడ్డల మధ్య పనిచేసే హార్మోనే అది. పన్నెండేళ్లు రోజూ జరిగిన ఆ మార్పిడి ఒక్కసారిగా ఆగిపోతే ఒళ్లు తల్లడిల్లడం సహజం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్య కళాశాల 1989లోనే ఇలాంటివారి కోసం ఒక ఫోన్ లైన్ నడిపింది. మన పశువైద్య కళాశాలలూ అలాంటిది మొదలుపెట్టాలి. అప్పటిదాకా ఆ ఇంటికి వెళ్లి పావుగంట కూర్చుని, ఆ కుక్క పేరు పెట్టి మాట్లాడే పొరుగువాళ్లే ఆ పని చేయాలి.

ఇంట్లో మిగిలిన జంతువును మరిచిపోకూడదు. 2022లో ఇటలీలో 426 మంది పెంపకందారులను అడిగితే, తోటి కుక్క పోయాక మిగిలిన కుక్కలో మార్పు వచ్చిందని నూటికి 86 మంది చెప్పారు. ఆడుకోవడం, తినడం తగ్గించాయి, ఎక్కువ నిద్రపోయాయి, మనుషుల వెంటే తిరిగాయి. కొన్నింటిలో ఆ మార్పు నెలల తరబడి ఉంది. వాటి తిండివేళలు, నడకవేళలు మార్చకుండా ఉంచడం వాటికి సాయం చేస్తుంది. మిగిలింది పిల్లి అయితే ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. పిల్లి, ముఖ్యంగా లావుపాటి పిల్లి, రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వంతా కాలేయంలో పేరుకుని ప్రాణాంతకం కావచ్చు. దిగులుతో తినడం లేదులే, నాలుగు రోజులాగితే తింటుందని వదిలేయకుండా రెండో రోజే డాక్టరుకు చూపించాలి.